కొల్లేటి గట్టున త్రైరాశికము

ఏలూరు నుండి దక్షిణముగా పోయే దారిలో, ఊరు దాటిన కొంతసేపటికే నేల తన స్వభావమును మార్చుకొంటుంది. మెరక అన్నది కంటికి కనబడదు. కాలువలు, వరిచేలు, చేపల చెరువుల గట్లు, వాటిమీద బారులు తీరిన కొబ్బరిచెట్లు, దూరాన నీటిమీద గూడబాతుల గుంపులు. భూమి ఎక్కడ ముగిసినదో, కొల్లేరు ఎక్కడ ఆరంభమైనదో చెప్పుట ఆ ఊళ్ళవారికే సాధ్యము. ఒక కార్తికమాసములో మేము రికార్డింగు పనిమీద అటు పోయి, ఒక వృద్ధ జాలరి నడిపే దోనెలో కొంతదూరము తిరిగినాము. ఆయన మాటలలో ఒక పదము పదేపదే వినవచ్చినది.

"మా ఊరు ఐదో కాంటూరులో ఉందండి, బాబుగారూ. మా పెద్దోడి చేను మూడో కాంటూరండి."

కాంటూరు! అది భూగోళ పాఠములలో, సర్వే పటములలో ఉండే మాట. కొల్లేటి లంకలలో అది వరి, చేప, పడవ అనే మాటలతో సమానముగా చలామణి అవుతున్నది. మేము ఆశ్చర్యపడుట చూచి ఆయన ఇంకొక మాట అన్నాడు.

"గట్లు లేని చోట జానెడు నీరు పెరిగితే, నీటి అంచు కిలోమీటరు పైగా ముందుకొచ్చేస్తదండి. చిన్నప్పట్నుంచీ చూస్తన్నాం. మీరు చదువుకున్నోరు గదా, అదెందుకో లెక్క కట్టి చెప్పండి."

మేము విశ్వవిద్యాలయ పట్టభద్రులమే. కాని మా చదువు సాహిత్యము. పదవ తరగతి పరీక్ష వ్రాసిన మరునాడే గణితమునకు దూరము నుండి నమస్కారము పెట్టి వచ్చినవారము. ఆ ప్రశ్నకు నవ్వి ఊరుకొన్నాము. ఆ నవ్వు వెనుక ఉన్నది అజ్ఞానమని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఇంటికి చేరేవరకు ఆ సంగతి మమ్ములను వదలలేదు.

ఆ రాత్రి ఒక కాగితము ముందు పెట్టుకొని కూర్చున్నాము. కాంటూరు అనగా సముద్రమట్టము నుండి ఒకే ఎత్తున ఉన్న స్థలములను కలుపుకొంటూ పోయే రేఖ. ఐదవ కాంటూరు అంటే సముద్రమట్టమునకు ఐదు అడుగుల ఎత్తున గీచిన రేఖ అన్నమాట. కొల్లేటి నీరు మూడు అడుగుల మట్టమున ఉన్నప్పుడు సరస్సు వైశాల్యము 135 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగుల మట్టమున 308. పది అడుగుల మట్టమున 901 అని లెక్కలు చెబుతున్నవి. మూడు నుండి పదికి, అంటే ఏడు అడుగులు నీరు పెరిగితే, వైశాల్యము ఆరున్నర రెట్లు దాటినది.

సరస్సును గుండ్రని పళ్ళెము అనుకొని లెక్క వేద్దామనుకొన్నాము. 135 చదరపు కిలోమీటర్ల వృత్తమునకు వ్యాసార్ధము సుమారు ఆరున్నర కిలోమీటర్లు. వైశాల్యము ఆరున్నర రెట్లు పెరిగినది కనుక వ్యాసార్ధము కూడ అంతే పెరుగుతుందని నిశ్చయించి, దానిని నలుబది మూడు కిలోమీటర్లు చేసినాము. పటము తెచ్చి చూచుకొంటే మా కొల్లేరు అటు గుడివాడను, ఇటు ఏలూరును, భీమవరమును ముంచివేసి తాడేపల్లిగూడెము పొలిమేరలకు చేరినది! ప్రక్కన కూర్చొని తన పాఠము చదువుకొంటున్న మా అమ్మాయి తొమ్మిదవ తరగతి. కాగితములోకి తొంగిచూచి, "నాన్నా, వర్గమూలం తియ్యలేదు నువ్వు" అన్నది.

సిగ్గుపడినామని ఒప్పుకొంటాము. ఆ సిగ్గుతో కాగితము మడిచి లోపల పెట్టివేయుట కూడ సాధ్యమే. ఇరువది అయిదేండ్లుగా మేము చేస్తూ వచ్చినది అదే. ఆనాడు మాత్రము అమ్మాయిని ప్రక్కన కూర్చోబెట్టుకొని మరల మొదలుపెట్టినాము. 901ని 22/7 చేత భాగించి వర్గమూలము తీస్తే వ్యాసార్ధము సుమారు 17 కిలోమీటర్లు. మొదటిది ఆరున్నర. తేడా పది కిలోమీటర్లకు కొంచెము పైన. ఏడడుగులు, అంటే 84 అంగుళములు నీరు పెరిగితే అంచు పది కిలోమీటర్ల పైచిలుకు జరిగినది. ఆ లెక్కన అంగుళమునకు రమారమి 120 మీటర్లు. జానెడు అంటే తొమ్మిది అంగుళములు. తొమ్మిదిని నూట ఇరువదితో గుణిస్తే వెయ్యిన్ని ఎనుబది మీటర్లు. కిలోమీటరు పైచిలుకు! ముసలాయన మాట అక్షరాలా నిజము. కొల్లేరు గుండ్రనిది కాదు, వాలు అన్నిచోట్ల ఒక్కటీ కాదు. అయినను ఆయన కన్ను చూచినదీ మా కాగితము చెప్పినదీ ఒక్కటే అయినది. ఆ రాత్రి మాకు కలిగిన సంతోషము ఏ పరీక్షలోను కలుగలేదు.

నడివయస్సులో లెక్కల పుస్తకమునకు మరలివచ్చుట వింత పనియా, లేక మన దేశమున దానికొక పరంపర ఉన్నదా అని తరువాత ఆలోచించినాము. వెదకిన కొలదీ పరంపరయే కనబడినది. అది ఈ నేల నుండే మొదలగుచున్నది.

ఏలూరికి ఉత్తరముగా కొద్ది దూరములో పెదవేగి ఉన్నది. నాటి వేంగి నగరము అదే. ఆ పేరుతోనే ప్రసిద్ధికెక్కిన వేంగిదేశమున, రాజధాని రాజమహేంద్రవరమునకు మారిన తరువాతి కాలములో, పావులూరి మల్లన అనే కవి ఉన్నాడు. ఆయన పదకొండవ శతాబ్దమువాడని కొందరు, ఆ తరువాతి తరమువాడని కొందరు అంటారు. కర్ణాటదేశమున తొమ్మిదవ శతాబ్దములో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. తెలుగులో శాస్త్రగ్రంథములకు ఇదే ఆద్యమని పెద్దలు చెబుతారు. పద్యములో లెక్కలా అని నేటివారు ఆశ్చర్యపడవచ్చును. అచ్చుయంత్రము లేని రోజులలో పద్యమే జ్ఞాపకమునకు సాధనము. మల్లన మూలమును మక్కికి మక్కిగా దించలేదు. జైన సంప్రదాయమునకు చెందిన ఉదాహరణలను తీసివేసి, తనవారికి తెలిసిన శైవ సంప్రదాయపు ఉదాహరణలను కూర్చినాడు. శాస్త్రమును మరొక భాషలోనికి తెచ్చేవాడు ముందుగా ఆలోచించవలసినది చదివేవాని ఇంటినిగూర్చి అని ఆయనకు తొమ్మిది వందల ఏండ్లకు పైబడిన కాలముననే తెలిసినది.

మహావీరుని గ్రంథములో ఏమున్నవి? భిన్నములు, త్రైరాశికము, వడ్డీ లెక్కలు వచ్చే మిశ్రకము, పొలము కొలిచే క్షేత్రగణితము, త్రవ్వకములను కొలిచే ఖాతగణితము, నీడను బట్టి ఎత్తు తెలిసికొనే ఛాయాగణితము. ఈ పట్టికలో బాలుని వినోదమునకు సంబంధించినది తక్కువ. చేను పంచుకొనేవానికి, చెరువు త్రవ్వించేవానికి, అప్పు ఇచ్చేవానికి, పుచ్చుకొనేవానికి కావలసినవే ఎక్కువ. గణితము బడిపిల్లల శిక్షగా మారుట ఇటీవలి సంగతి. అంతకు పూర్వము అది సంసారము మోసేవారి పనిముట్టు.

ఆ పట్టికలో త్రైరాశికము అనే మాటను శ్రోతలు గుర్తు పెట్టుకొనవలెనని కోరుతున్నాము. తెలిసిన మూడు రాశుల నుండి తెలియని నాలుగవదానిని రాబట్టుట త్రైరాశికము. 84 అంగుళములకు పది కిలోమీటర్లయితే తొమ్మిది అంగుళములకు ఎంత? ఇదే మేము ఆ రాత్రి చేసినది. అంతకుముందు చేసిన తప్పు కూడ దానిదే: వైశాల్యమునకు, వ్యాసార్ధమునకు మధ్య త్రైరాశికము చెల్లదు. ఎక్కడ చెల్లునో ఎక్కడ చెల్లదో తెలియుటలో సగము గణితము ఉన్నది.

వేంగి కాలము నుండి కాలువల కాలమునకు వద్దాము. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధములో ఈ డెల్టా కరవులతోను వరదలతోను క్షీణించి ఉన్నది. 1847లో ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున గోదావరి ఆనకట్ట పని ఆరంభమై 1852లో పూర్తి అయినది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి వచ్చినది. గోదావరి నీరు తాడేపల్లిగూడెము మీదుగా కాలువలో ఏలూరికి వచ్చినది. కృష్ణ నీరు బెజవాడ నుండి వచ్చినది. రెండు మహానదుల నీరు ఏలూరిలో కలిసికొన్నది. ఆ నీటిమీద పడవలు నడిచినవి, లాకులు వెలసినవి.

కాలువ అనగా మట్టిలో వ్రాసిన గణితము. కొల్లేటి పరిసరములలో నేల వాలు ఎంత తక్కువో ఇందాక చూచినాము. అంత చదునైన నేలమీద నీరు ముందుకు నడవవలెనంటే అడుగడుగున మట్టము చూడవలెను. అంగుళము తప్పితే నీరు నిలిచిపోతుంది, లేదా గట్టు కోసుకొనిపోతుంది. ఆ మట్టము చూచుట ఎవరు నేర్చినారు? కాటన్ దొర వద్ద పనిచేసి ఆనకట్ట నిర్మాణములో ఆయనకు కుడిభుజముగా పేరు పొందిన వీణెం వీరన్నను నేటికిని గోదావరి సీమ స్మరిస్తున్నది. ఆయన వెనుక పేరులేనివారు ఎందరో ఉన్నారు. మేస్త్రీలు, లాకుల వద్ద కాపున్నవారు, గేజి పలకమీద అంకె చూచి తలుపు ఎత్తే లస్కర్లు. వీరు ఆ విద్య నేర్చినది పలక పట్టిన ఈడున కాదు, పార పట్టిన ఈడున. గట్టుమీద, పని చేస్తూ, ఒకరిని చూచి ఒకరు నేర్చినారు.

అయితే పని నేర్పే చదువునకు ఒక హద్దు ఉన్నది. పని ఎట్లు చేయవలెనో అది చెబుతుంది. ఎందుకు అట్లా జరుగునో చెప్పదు. ఆ ఎందుకు అనే ప్రశ్నకు తెలుగులో సమాధానము చెప్పే పుస్తకములు కావలసి వచ్చినవి. 1906లో హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించుట ఈ కొరత తీర్చుటకే. లక్ష్మణరావు గారు మునగాల సంస్థానమున దివానుగా ఉన్నవారు, ఎం.ఏ. పట్టమును కళాశాలలో చేరకుండ ప్రైవేటుగా చదివి సంపాదించినవారు. సంసారము, ఉద్యోగము నెత్తిమీద పెట్టుకొని చదివేవాని అవస్థ ఆయన ఎరిగినదే. మండలి పక్షమున ఆచంట లక్ష్మీపతి గారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావు గారి పదార్థవిజ్ఞానశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మ గారి రసాయనశాస్త్రము వెలువడినవి. ఇంగ్లీషు రాని గృహస్థుడు, బడి ముగించిన గృహిణి తమ భాషలో వాయువులను, కణములను, ఉష్ణమును గూర్చి చదువుకొనుటకు వీలు కలిగినది.

పుస్తకము అచ్చయితే చాలదు, ఊరికి చేరవలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమమునకు జీవితము ధారపోసినారు. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టాలో కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపినారు. ధాన్యము మోసిన కాలువయే పుస్తకమును మోసినది. దానిని తలచుకొన్నప్పుడెల్ల మట్టము చూచిన ఆ పేరులేని మేస్త్రీలు గుర్తుకు వస్తారు.

ఇక్కడ శ్రోతలలో ఒక సందేహము పుట్టవచ్చును. పెద్దవయస్సులో పుస్తకము పట్టినవాడు కాలక్షేపమునకు కాక, నిజముగా శాస్త్రమునకు ఏదైనా చేయగలడా? ఇందుకు రెండు జీవితములను చెబుతాము. ఒకటి ఇంగ్లండులోని ఒక పిండిమర యజమానిది. రెండవది కొల్లేటికి పొరుగున భీమవరములో పుట్టినవానిది.

తాడేపల్లిగూడెము బియ్యపు మిల్లుల ప్రక్కగా పోయేటప్పుడు మాకు జార్జి గ్రీను జ్ఞాపకము వస్తాడు. 1793లో నాటింగుహాము నగరమున రొట్టెలు కాల్చేవాని ఇంట పుట్టినాడు. బాల్యమున బడికి పోయినది సుమారు ఒక సంవత్సరమే. తరువాత తండ్రి గాలిమరలో పిండి విసరుట, బస్తాలు ఎత్తుట ఆయన పని. ముప్పది ఏండ్ల వయస్సున ఊరి చందాదారుల గ్రంథాలయములో చేరినాడు. 1828లో, విద్యుత్తు, అయస్కాంతత్వములకు గణితమును అన్వయిస్తూ ఒక వ్యాసమును సొంతముగా అచ్చువేయించినాడు. కొన్నవారు ఏబది మంది చిల్లర. నలుబదవ ఏట, 1833లో, కేంబ్రిడ్జిలో కుర్రవాండ్ర మధ్య విద్యార్థిగా చేరి, 1837లో గణిత పరీక్షలో నాలుగవ స్థానమున నెగ్గినాడు. 1841లో మరణించినాడు. తన వ్యాసము విలువ లోకమునకు తెలియుట ఆయన చూడలేదు. నేడు భౌతికశాస్త్రము చదివేవారిలో ఆయన పేరుతో ఉన్న సూత్రమును ఎరుగనివారు లేరు.

ఇక మనవాడు, ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించినాడు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మదరాసులో నెగ్గినాడు. వైద్యము చదివినాడు, ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై పెద్ద పట్టమునకు బదులు చిన్న పట్టముతో బయటపడినాడు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే వ్యాధి పొట్టన పెట్టుకొన్నది. అమెరికా చేరి బోస్టనులో ఆసుపత్రి చాకిరీ చేస్తూ హార్వర్డులో చదివినాడు. వైద్యుడైన తరువాత, ఇల్లు, దేశము విడిచి, రసాయనశాస్త్రమును దాదాపు ఓనమాల నుండి మరల పట్టినాడు. డాక్టరేటు వచ్చేసరికి ఆయనకు ముప్పది ఐదేండ్లు.

1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వారి పేరనే వ్యవహరింపబడుతున్నది. రక్తములో భాస్వరము ఎంత ఉన్నదో తెలిసికొనుట ఎట్లా? కొన్ని ద్రవములు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరము ఎక్కువైన కొలదీ రంగు చిక్కబడుతుంది. తెలిసిన మొత్తము ఇచ్చే రంగుతో తెలియనిదాని రంగును పోల్చవలెను. ఇంత భాస్వరమునకు ఇంత రంగు అయితే, అంత రంగునకు ఎంత భాస్వరము? శ్రోతలు గుర్తించే ఉంటారు. ఇది పావులూరి మల్లన త్రైరాశికమే! దాని సహాయమున 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థమును, 1929లో ఏ.టి.పి. అనే పదార్థమును వారు కండరములలో గుర్తించినారు. రెండవదానిని అదే సంవత్సరము జర్మనీలో లోమను అనే శాస్త్రజ్ఞుడు కూడ వేరుగా కనుగొన్నాడు. ప్రాణి వేలు కదల్చుటకు కావలసిన శక్తి ఏ నాణెములో చెల్లునో అప్పుడు తెలిసినది. 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధకుల బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది; సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడినది. 1947లో వెలువడిన హెట్రజాన్ అనే మందు బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములమీద పనిచేస్తుంది. బోదకాలు అంటే ఏమిటో గోదావరి డెల్టావారికి చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూసినాడు. భీమవరమును విడిచి వెళ్ళినవాని మందు భీమవరమునకు తిరిగి వచ్చినది.

గ్రీనును, సుబ్బారావును తలచుట మనమందరము వారంతటివారము కాగలమని చెప్పుటకు కాదు. పరీక్ష తప్పుట, బడి మానుట, వయస్సు మీరుట, ఈ మూడింటిలో ఏ ఒక్కటియు తలుపునకు గడియ కాదని చెప్పుటకు.

మా ఉద్యోగమునకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ చెప్పవలెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. అటుతరువాత పొలము పనివారు, వంటింటివారు రేడియో ద్వారా విన్న శాస్త్రము తక్కువ కాదు. ఇంగ్లండులో 1971లో బోధన మొదలుపెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయము రేడియోను, టెలివిజనును పాఠశాలగా చేసికొన్నది. మన దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున, మన తెలుగువారి నడుమనే వెలసినది. 1991లో దానికి డాక్టరు అంబేద్కరు పేరు పెట్టినారు. ఇంటరు చదువు లేనివారు సైతము అర్హత పరీక్ష వ్రాసి చేరే వీలు అది కల్పించినది. 2015లో తాడేపల్లిగూడెమునకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినది. అందులోనికి పోయేది పిల్లలు. వారిని పంపించే తల్లిదండ్రులకు ఇంటివద్ద పుస్తకము తెరచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఇంతకు ఈ చదువు లేకపోతే నష్టమేమి? మరల కొల్లేటికే పోదాము. 1970ల చివరినుండి ఇక్కడ చేపల పెంపకము విస్తరించినది. 1999లో ఐదవ కాంటూరు వరకు సరస్సును అభయారణ్యముగా ప్రకటించినారు. 2002లో రాంసార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తించినారు. 2006లో ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేసినారు. ఆ నిర్ణయములలోని మంచిచెడ్డలు ఇక్కడ మా విషయము కాదు. ఒక్క సంగతి మాత్రము గమనించండి. ఒక కుటుంబము చెరువు నిలిచినదా, పోయినదా అన్నది ఒక రేఖకు ఇటు ఉన్నదా, అటు ఉన్నదా అన్నదానిమీద ఆధారపడినది. ఆ రేఖ నేలమీద కనిపించదు, లెక్కలో ఉంటుంది. లెక్క చదువగలవాడు పటము ముందు కూర్చొని ప్రశ్న అడుగగలడు. చదువలేనివాడు ఇతరులు చెప్పినది వినవలెను, సంతోషించినా దుఃఖించినా.

చేపల చెరువు సంగతి ఇంకను దగ్గరిది. తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు నీటిపైకి వచ్చి నోరు తెరచుకొని ఊపిరికి తహతహలాడుట ప్రతి రైతు చూచినదే. పగలు నీటిలోని నాచు సూర్యరశ్మితో ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది. నాచు, చేపలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి ఉన్నదానిని వాడుకొంటవి. అందుచేత సూర్యోదయమునకు ముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువ. వేడినీరు దానిని తక్కువగా పట్టుకొంటుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు నిండుగా పట్టినను లీటరుకు ఏడున్నర మిల్లిగ్రాములే. వేసవిలో ప్రమాదము ఎక్కువగుటకు కారణము ఇది.

మందు వేసేటప్పుడు లెక్క తప్పితే ఏమగునో చూడండి. ఎకరము అంటే 4,047 చదరపు మీటర్లు. లోతు ఒకటిన్నర మీటరు అయితే నీరు సుమారు 6,070 ఘనమీటర్లు. లీటరుకు ఒక మిల్లిగ్రాము చొప్పున వేయవలెనంటే ఆరు కిలోలు చాలును. కాని ఎండకు నీరు తగ్గి లోతు మీటరే ఉన్నదనుకోండి. అదే ఆరు కిలోలు ఇప్పుడు లీటరుకు ఒకటిన్నర మిల్లిగ్రాములవుతవి. లోతు కొలవకుండ ఎకరములే లెక్కపెట్టినవాడు ఒకటిన్నర రెట్లు విషము వేసినవాడవుతాడు. ఖాతగణితము, త్రైరాశికము, ఈ రెండును తెలిసినవాని చేపలు బ్రతుకుతవి.

మరలి చదువదలచినవారికి మా అనుభవము కొంత చెప్పి ముగిస్తాము. మొదటిది, మీ బ్రతుకులోని ప్రశ్న ఒకటి పట్టుకొనండి. బడిలో మాకు సమాధానములు ముందు వచ్చినవి, ప్రశ్నలు రాలేదు; అందువలననే అవి నిలువలేదు. రెండవది, అభిమానము ప్రక్కన పెట్టి, మీరు ఆగిపోయిన తరగతికి రెండు తరగతులు క్రిందినుండి ఆరంభించండి. మేము భిన్నములతో మొదలుపెట్టినాము. మూడవది, చదువుట వేరు, చేయుట వేరు. పుస్తకములోని లెక్క చూచి అర్థమైనదని తల ఊపినంత మాత్రమున అది రాదు. పుస్తకము మూసి కాగితముమీద చేయవలెను. నాలుగవది, రోజుకు అరగంట చాలును, కాని రోజూ కావలెను. ఐదవది, ఇంటిలో పిల్లలుంటే వారిని గురువులుగా చేసికొనండి. తండ్రి తప్పు చేసి దిద్దుకొనుట చూచిన బిడ్డకు తన తప్పంటే భయము పోతుంది. మా ఇంట అది జరిగినది. వయస్సువలన జ్ఞాపకము కొంత మందగించుట నిజమే. నిన్న నేర్చినది నేడు మరచిన రోజులు మాకు ఎన్నో ఉన్నవి. అయితే కుర్రవానికి లేని ఓపిక ఒకటి ఆ వయస్సే ఇస్తుంది.

మాఘమాసములో పని కల్పించుకొని మరల కొల్లేటికి పోయినాము. ఆ వృద్ధుడు దోనెలోని నీరు తోడిపోస్తున్నాడు. గట్టుమీద కూర్చొని, కాగితము విప్పి, వ్యాసార్ధమునుండి జానెడు వరకు అంతయు వివరించినాము. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరకు, "కిలోమీటరు పైనని మీకు ముందే చెప్పానుగదండీ" అన్నాడు. మేము నవ్వినాము. ఈసారి ఆ నవ్వులో సిగ్గు లేదు.

ఆయన దోనెను నీటిలోనికి నెట్టుతూ మరల వెనుకకు తిరిగినాడు. "బుడమేరు, తమ్మిలేరు కలిసి ఒక్కసారి మీద పడితే, పదో కాంటూరు నుంచి ఐదో కాంటూరుకి నీరు దిగటానికి ఉప్పుటేరు ఒక్కటే దారండి. ఎన్నాళ్ళు పడుతుందో, అది కూడా కట్టండి బాబుగారూ."

ఆ లెక్క ఇంకను తేలలేదు. మా అమ్మాయి, మేము దానిమీదనే ఉన్నాము.